రంపానికి వెండి కళ్ళు

మా ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మిషనుకు ఏడాదికి ఒక్క రోజు తప్ప ఎవరూ దండం పెట్టలేదు. ఇప్పుడు రోజూ పెడుతున్నారు. తిరుత్తణి కొండకు నడిచి వెళ్ళేవాళ్ళు, లారీ డ్రైవర్లు, కొత్త పెళ్ళికూతుళ్ళు, గుండు మీద గంధం ఇంకా ఆరని పిల్లలు, అందరూ. కర్పూరం వెలిగిస్తారు, నిమ్మకాయలు గుచ్చుతారు, చుట్టూ తిరుగుతారు. అది చెట్లు కోసే రంపం మిషనని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలిసిన మనిషిని నేను, రైలు దిగి వచ్చి, పక్కనున్న గట్టు మీద కూచుని చూస్తుంటాను.

ఇదంతా తెలుగులో రాసుకుంటున్నాను. నేనిప్పుడు ఉండేది తిరువళ్ళూరులో, కూతురి ఇంట్లో. ఆమెకు అరవం చదవడమే వచ్చు, అల్లుడికీ అంతే. నేను పుట్టింది సరిహద్దుకు అవతల, తెలుగు బడి ఉన్న ఊళ్ళో. కాబట్టి నా రాతలు ఆ ఇంట్లో ఎవరూ చదవలేరు. ముసలిదానికి ఇంతకంటే స్వేచ్ఛ ఏం కావాలి?

మాది మగ్గం ఇల్లు. నేసిన బట్టను చుట్టుకునే కొయ్య దూలం ఒకటి ఉంటుంది, దోనె అంటాం. అది ఏ కాస్త వంకరగా ఉన్నా బట్ట ఒక పక్కకు లాగుతుంది. మా నాయన కొత్త దోనె కోసం తిరుత్తణి మిల్లుకు పోయి, అక్కడి రంపం మేస్త్రీ కోసిన కొయ్యను కంటి ముందు పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, మురిసిపోయి, దోనెతో పాటు సంబంధం కూడా మాట్లాడుకుని వచ్చాడు. కొయ్యను అంత తిన్నగా కోసేవాడు మనిషి కూడా తిన్నగా ఉంటాడని ఆయన నమ్మకం. దోనె మాత్రం తిన్నగానే ఉండింది. మనిషి సంగతి నన్నడగాలి. కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయే రకం. అలిగితే బతిమాలేదాకా పలకడు, బతిమాలితే ఇంకా బిగుసుకుంటాడు.

స్టేషను నుంచి కొండకు పోయే దారిలో ఉండేది మిల్లు. దాని వెనకాలే, మొదలాళి, అంటే మిల్లు యజమాని, ఇచ్చిన ఒంటి గది రేకుల ఇల్లు మాది. కాపురానికి వచ్చిన మొదటి రోజు పొద్దున ఆ మిషను మొదలవగానే నా చేతిలోని చెంబు జారి కిందపడింది. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, మనిషికంటే ఎత్తు. రెంటినీ చుట్టి పళ్ళున్న రంపం నాడాలాగా తిరుగుతుంది. మానును ట్రాలీ మీద కట్టి దానికి ఎదురుగా తోస్తారు. ముందు గుర్రుమంటుంది, తర్వాత గొంతు పెంచుతుంది, మాను తగిలిందంటే ఒక్కసారి కేక పెడుతుంది. కొన్నాళ్ళకు ఆ కేకను బట్టి లోపల ఏ కొయ్య పడిందో చెప్పగలిగేదాన్ని. టేకుకు మెత్తగా ఉండేది. చింత మానుకు పళ్ళు కొరికినట్టుండేది. వేప కోసిన రోజు చెవితో పని లేదు, సాయంత్రం నేను వండిన అన్నమే చేదుగా ఉండేది. ఆయన చొక్కా మీది పొడి ఇల్లంతా ఎగిరి కుండలో పడేది మరి. "ఏం వండినావే ఇంత చేదుగా" అని ఆయన నన్నే తిట్టేవాడు. అన్యాయం కాదూ?

ఆ పొట్టుతోనే మా వంట. డబ్బాలో నడుమ కర్ర నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, కర్ర మెల్లగా లాగేస్తే పొట్టు పొయ్యి తయారు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా గోనెసంచులతో మిల్లు వాకిట్లో నిలబడేవాళ్ళు. నేను మేస్త్రీ పెళ్ళాన్ని కదా, నాకు ఆయన పనస కొయ్య పొట్టు తీసిపెట్టేవాడు. పసుపుపచ్చగా ఉండేది. మంట కూడా బాగుంటుందని ఆయన వాదన. నాకైతే తేడా తెలిసేది కాదు, తెలిసినట్టు తలూపేదాన్ని.

ఆ చప్పుడులో మాటలు వినిపించవు. అందుకని మిల్లులో అన్నీ చేతి సైగలే. అరచెయ్యి నిలబెడితే ఆపమని, గుప్పిట మూసి తన వైపు గుంజుకుంటే ట్రాలీ వెనక్కి లాగమని, చూపుడువేలు గోరు చూపిస్తే ఇంకొంచెం సన్నగా అని. ఆయన చెవులు ఆ చప్పుడుకు మందమైపోయాయి, ఇంటికొచ్చినా సైగలే. అన్నం చాలంటే అరచెయ్యి. మజ్జిగ కొంచెం అంటే చూపుడువేలి గోరు. నేను కూడా నేర్చుకున్నాను. మా పోట్లాటలు చాలా మటుకు చేతులతోనే జరిగాయి. పక్కింటివాళ్ళు మమ్మల్ని ఎంత అన్యోన్యమైన జంటో అనుకునేవాళ్ళు, గొంతు ఎప్పుడూ లేవదని.

మిల్లు ఆడుతున్నంతసేపూ నాకు ధైర్యం. ఉన్నట్టుండి ఆగిందంటేనే గుండె జారేది. మా వైపు చింత మానులకు మేకులు కొట్టే అలవాటు ఉంది. ఎవరికైనా గాలి సోకితే, ఆ దయ్యాన్ని మంత్రగాడు చెట్టుకు మేకుతో దిగ్గొడతాడు. ఏళ్ళు గడిచి చెట్టు లావై మేకును మింగేస్తుంది, పైకి కనిపించదు. ఆ చెట్టు మిల్లుకొచ్చి రంపానికి మేకు తగిలిందా, రంపం తెగి కొరడాలాగా ఎగురుతుంది. అందుకే ఆయన ప్రతి చింత మానునూ అరచేత్తో నిమిరి నిమిరి చూసేవాడు. "దాన్ని నిమిరినంతసేపు నన్ను నిమిరింటే నేను బాగుపడేదాన్ని" అని వెక్కిరించేదాన్ని. ఒక పగలు నిజంగానే రంపం తెగింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. పొయ్యి మీది గిన్నె వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా పొట్టు, దెబ్బ ఏమీ లేదు. నన్ను చూసి అరచెయ్యి నిలబెట్టాడు, ఆగు, ఏమీ కాలేదు అని. నేను ఆగలేదు. అందరి ముందూ పోయి ఆయన్ను పట్టుకుని ఏడ్చాను. ఆ రోజు నుంచి నాకు నిశ్శబ్దం అంటే భయం. ఇప్పుడు నా బతుకంతా నిశ్శబ్దమే. కూతురింట్లో ఫ్యాను కూడా చప్పుడు చేయదు, మంచి కంపెనీదట.

తర్వాత కాలం మారింది. తలుపులు కిటికీలు రెడీమేడ్‌వి వచ్చాయి. మగ్గాలు ఆపేసి జనం చెన్నై దారిలోని పట్టాభిరామ్ వైపు ఫ్యాక్టరీలకు పోయారు, దోనెలు అడిగేవాళ్ళు లేరు. పెద్ద మొదలాళి కాలం చేశాక మిల్లు మూతపడింది. మేము తిరువళ్ళూరు వచ్చేశాం. మా ఆయన అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. ఉన్న కొన్నాళ్ళూ వీధి వాకిట్లో కూచుని పోయే వచ్చే ఆటోల్ని చూసేవాడు. చివర్లో ఆసుపత్రి మంచం మీద, కళ్ళు మూసుకునే, గుప్పిట మూసి తన వైపు గుంజుకున్నాడు. ట్రాలీ వెనక్కి లాగమని. ఏం లాగాలో నాకు తెలియలేదు. దుప్పటి పైకి లాగి కప్పాను.

ఆయన పోయి ఏడాది తిరిగాక తెలిసింది, మిల్లు చోట కల్యాణ మండపం కడుతున్నారని, మిషను పాత ఇనుముకు పోతుందని. రైలెక్కి తిరుత్తణి పోయాను. మొదలాళి కొడుకు సిమెంటు బస్తాల మధ్య నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. చిన్నప్పటి నుంచి నన్ను అక్కా అనే పిలుస్తాడు.

"తంబీ, మిషన్ను ఇనుము కొట్టుకు ఏస్తా ఉండావంటనే?"

"ఏం చేసేది అక్కా? ఈడ మండపం వస్తా ఉండాది. అంత ఇనుము నేను యాడ పెట్టుకునేది?"

"ఈ ఊర్లో ఇండ్లకు వాసాలు కోసింది అది. మీ పెండ్లి మంచం కోసింది అది. అన్నం పెట్టిన దాన్ని అట్ల తూకానికి ఏస్తారా ఎవురైనా?"

అతను తల గోక్కున్నాడు. "చెన్నైలో పెద్ద హోటళ్ళ ముందర పాత బండి చక్రాలు, రుబ్బురోళ్ళు పెట్టుంటారు, చూసినా. అందురూ ఆడ నిలబడి ఫోటో తీసుకుంటారు. అట్ల గేటు కాడ పెడదామా?" అన్నాడు.

"పెట్టు తంబీ. ఎట్లైనా పెట్టు. ఉంటే చాలు."

మాట నిలబెట్టుకున్నాడు, ఆ మాట చెప్పాలి. గేటు పక్కన సిమెంటు దిమ్మె కట్టించి, క్రేనుతో ఎత్తించి మిషన్ను నిలబెట్టాడు. రంపం నాడా తీసేశారు, ఎవరికైనా కోసుకుంటుందని. ఒంటికి పచ్చ రంగు, చక్రాలకు బంగారు రంగు. చూసి నా కడుపు మండింది.

"ఇనుముకు బంగారు రంగేంది తంబీ? అదేమన్నా పెండ్లికూతురా?"

"ఫోటోలో బాగా పడాల గదక్కా" అన్నాడు.

పక్కన ఒక బోర్డు కూడా పెట్టించాడు, పాతకాలంలో కొయ్యలు కోసిన యంత్రం ఇది అని అరవంలో. మొదటి ముహూర్తానికే ఆ బోర్డు మీద పెళ్ళివాళ్ళ ఫ్లెక్సీ ఎక్కింది. ఒక పెళ్ళి ఫ్లెక్సీ దింపేలోపు ఇంకో పెళ్ళిది వస్తుంది. ఆ బోర్డును నేను మళ్ళీ చూడనే లేదు.

ఇక జరిగిందానికి కొంత కారణం నేనే. ఆయుధ పూజ వచ్చింది. మిల్లు ఉన్న రోజుల్లో ఆ పండగ మాకు ఎంత పెద్దదో చెప్పలేను. మిషన్ను కడిగి, పసుపు రాసి, చక్రాలకు గంధం కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులూ గుగ్గిళ్ళూ పంచేవాళ్ళం. ఆ రోజు రంపం తిప్పకూడదు. మర్నాడు పొద్దున కోసే మొదటి పలకను అమ్మేవాళ్ళు కాదు. ఆ ఏడాది మగ్గం పాడైన ఇల్లు ఏదో చూసి ఊరికే ఇచ్చేవాళ్ళు. ఆ పలక భుజాన వేసుకుని మా ఆయన తనే పోయి ఇచ్చి వచ్చేవాడు, కొత్త చొక్కా తొడుక్కుని. ఆ ఒక్క పొద్దు ఆయన మొహం చూడాలి. మిల్లు తనదే అన్నట్టు నడిచేవాడు.

ఇంట్లో ఉండలేకపోయాను. పసుపు, కుంకుమ, పూలమాల సంచిలో వేసుకుని వచ్చి, అలవాటు ప్రకారం అన్నీ చేశాను. ఆ బంగారు చక్రాల మీద నా చేత్తో బొట్లు పెట్టాను. నిమ్మకాయలు కట్టాను. ఎంత బాగుందో! మనసు నిండి, రైలెక్కి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. ఆ నెల కృత్తిక ఎప్పుడు వస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు.

కృత్తిక కొండ మీది సామి నక్షత్రం, ఆ రోజు తిరుత్తణి దారంతా మనుషులే. కావళ్ళతో, పసుపు బట్టలతో, హరోహర అంటూ వస్తారు. వాళ్ళకు దారి పక్కన దిమ్మె మీద నిలబడిన పెద్ద ఆకారం కనిపించింది. పసుపు, కుంకుమ, వాడిపోయిన మాల, నిమ్మకాయలు. ఇంకేం కావాలి? ఎవరో ఒకరు కర్పూరం వెలిగించి ఉంటారు. వెనకాల వచ్చినవాళ్ళు దాన్ని చూసి ఆగి ఉంటారు.

నేను మళ్ళీ పోయేసరికి చుట్టూ మనుషులు తిరగడానికి దారి పడిపోయి ఉంది. దిమ్మె మీద శూలాలు గుచ్చారు. మోటారు పెట్టే పలకకు పసుపు దారాలు. లారీలవాళ్ళు మునీశ్వరుడంటున్నారట, ఇంకొందరు చక్రం సామి అంటున్నారట, ఎవరి నోటికొచ్చింది వాళ్ళు. పై చక్రానికి ఎవరో మొక్కుబడి వెండి కళ్ళు రెండు అతికించారు. ఆ కళ్ళతో అది నన్ను చూసింది, నేనెవరో దానికి తెలియనట్టు.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కర్పూరం వెలిగిస్తున్న ఒక పెద్దామెను పట్టుకుని, "ఇది సామి కాదమ్మా, కొయ్యలు కోసే మిషను" అన్నాను. ఆమె లెంపలు వేసుకుని, "అట్ల అనగూడదమ్మా, కండ్లు పోతాయి" అని నా కోసం కూడా కలిపి దండం పెట్టింది. ఇంకొకడికి చెప్పాను. వాడు నా చేతిలో విభూతి పెట్టి వెళ్ళాడు. చక్రం మీద చెయ్యి వేద్దామని దిమ్మె ఎక్కబోయాను. మండపం వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "చెప్పుతో ఎక్కొద్దు అవ్వా, సామి ఉండేది" అన్నాడు. ఆ మిషను నీడలో నా బిడ్డకు ఉయ్యాల కట్టి నిద్రపుచ్చినదాన్ని నేను. వాడెవడు నాకు చెప్పడానికి?

నేరుగా మొదలాళి కొడుకు దగ్గరికి పోయాను. "ఏంది తంబీ ఈ నాటకం? నువ్వైనా అందురికీ చెప్పగూడదా?"

అతను నవ్వలేదు. కుర్చీ వేసి కూచోబెట్టి, కాఫీ తెప్పించి, అప్పుడు చెప్పాడు. "అక్కా, మీకాడ దాచేది ఏముంది? కార్లు తిరిగేదానికి చోటు చాలలేదని పెండ్లోళ్ళు ఒకటే సతాయింపు. దాన్ని తీసేద్దామనే క్రేను పిలిచినా. క్రేనోడు చెప్పులిడిచి దండం పెట్టి, నేను ముట్టుకోను సార్ అని ఎళ్ళిపోయినాడు. ఇంకొకడ్ని పిలిచినా, వాడూ అంతే. సామి అనే మాట ఉండేదాకా దాన్ని ఎవురూ కదిలించరు. మీరు అందురికీ చెప్పి, అది సామి కాదు మిషను అని నమ్మించినారనుకోండి, మరుదినమే ఇనుము కొట్టుకు పోతుంది. నేను ఆపను. మీరే చెప్పండక్కా, మీకు ఏది కావాల?"

కాఫీ చల్లారిపోయింది. లేచి వచ్చి ఈ గట్టు మీద కూచున్నాను. అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా ఇక్కడే కూచుంటున్నాను.

నాకు ఏది కావాలి? అతను అడిగినంత తేలికగా చెప్పగలిగితే ఎంత బాగుండును. ఆ చక్రం ఒక్కసారి తిరగాలి నాకు. ఆ కేక వినాలి. అన్నం చేదుగా ఉందని నన్ను తిట్టాలి. పనస పొట్టు తీసిపెట్టానని గొప్పలు పోవాలి. ఆయన కావాలి నాకు, అంతే. మిషను ఉంటే ఆయన కూడా ఎంతో కొంత మిగులుతాడనుకుని ఇంత దూరం తిరిగాను. మిషను మిగిలింది. దాని ముందు పొట్టులో నిలబడి, చెవులు పోగొట్టుకుని, ఊరి ఇళ్ళకు వాసాలు కోసిన మనిషి ఒకడున్నాడని ఎవరికీ తెలియకుండా మిగిలింది. నోరు విప్పితే మిషను పోతుంది, విప్పకపోతే ఆయన పోతాడు. ఆ రెంటి మధ్య నోరు మూసుకుని ఎన్ని కృత్తికలు చూశానో.

మొన్న మధ్యాహ్నం పెద్దగా జనం లేరు. ఒక పిల్ల వచ్చింది, మా మనవరాలి వయసుంటుంది. కొండ మీద బిడ్డకు గుండు కొట్టించుకుని వస్తున్నట్టుంది, చంకలో గంధం గుండుతో ఒక బుడ్డది. ఆ పిల్ల చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి, బిడ్డ చేతులు రెండూ కలిపి పట్టుకుని దండం పెట్టించబోయి ఆగింది. ఎవరికి దండం పెట్టిస్తుందో బిడ్డకు చెప్పాలి కదా. అటూ ఇటూ చూసి, నేను కనిపిస్తే దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఈడనే ఉంటారా మీరు? ఈ సామి పేరేంది?"

చెప్పడానికి లారీవాళ్ళు పెట్టిన పేరుంది. జనం పెట్టిన పేరుంది. ఇది సామి కాదు అన్న మాట ఎప్పటిలాగే నాలుక చివర ఉంది.

మొగుడి పేరు పెళ్ళాం నోట పలకని ఇళ్ళలో పుట్టి పెరిగినదాన్ని. రేషన్ కార్డుకు అడిగినా, ఓటుకు అడిగినా, పక్కనున్న వాళ్ళ చేత చెప్పించేదాన్ని. ఆసుపత్రిలో కూతురు చెప్పింది. ఆయన పోయాక ఆ పేరుతో ఎవరికీ పని లేకపోయింది. కూతురికి ఆయన నాయన, మనవళ్ళకు తాత. ఆ పేరు మనిషి గొంతులో విని ఎంత కాలమైందో నాకే గుర్తు లేదు.

చెప్పాను. బతుకులో మొదటిసారి, పైకి, ఆయన పేరు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ పిల్లకు ఏ అనుమానమూ రాలేదు. మిషను వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, భక్తిగా ఆ పేరు పలికింది. తర్వాత బిడ్డ చెవిలో చెప్పింది. ఆ బుడ్డది వచ్చీరాని మాటల్లో, ఒక అక్షరం మింగేసి, మా ఆయన్ను పేరు పెట్టి పిలిచింది.

"సరిగ్గా చెప్పిందా అవ్వా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఇంకోసారి చెప్పమనమ్మా" అన్నాను.